ఎడమ భుజం, అరంగుళం

సోమవారం పొద్దున షాపు తీసిన పది నిమిషాలకే ఆ టాపు మళ్ళీ వచ్చింది.

"ఇందులో ఏదో ఉందండీ," అంది కస్టమర్, ఎడమ భుజాన్ని దుమ్ము దులుపుకుంటున్నట్టు రెండుసార్లు చేత్తో రాసుకుంటూ. "బిగుతు కాదు, వదులూ కాదు. ఎవరో వెనకనుంచి వచ్చి చెయ్యి వేసినట్టుంటుంది. రోడ్డు మీద రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడాను. నవ్వకండి."

ఎవరూ నవ్వలేదు. కౌంటర్ అక్క టాపు మడిచి లోపలికి పంపించింది. లోపలంటే మెట్ల కింద గది. కిటికీ లేదు. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక ట్యూబులైటు, ఒక మనిషి. ఆ మనిషికీ ఓ పేరుంది గానీ షాపులో అందరూ ఆల్టరేషన్ అనే పిలుస్తారు. "ఆల్టరేషన్, ఇది చూడు." "ఆల్టరేషన్ అన్నం తిందా?" మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు ఠక్కున పలుకుతుంది. ఇంటికెళ్తే మాత్రం కోడలు. మనమూ కోడలనే అనుకుందాం, ఆ పిలుపుకి కాస్త మర్యాదన్నా ఉంది.

ఈ ఫిర్యాదు కోడలికి కొత్త కాదు. ఆ మోడల్ టాపు ఏ సైజుదైనా, ఏ రంగుదైనా, నెలకి ముగ్గురు నలుగురు వెనక్కి తెస్తారు. అందరూ ఎడమ భుజమే పట్టుకుంటారు. కోడలు లోపల పల్చటి దూది మడత ఒకటి పెట్టి కుట్టి పంపిస్తుంది. కొందరు ఊరుకుంటారు, కొందరు మళ్ళీ వస్తారు.

చూడ్డానికి సాదా టాపే. మోకాళ్ళదాకా పొడుగు, వెడల్పు మెడ, ఒంటితోపాటే కత్తిరించిన చేతులు, చంక కింద పలక ముక్క. ఎడమ పక్క కుట్టులో రెండు వేళ్ళు పట్టేంత చిన్న జేబు. అందులో ఫోను పట్టదు, తాళాలు పట్టవు. దేనికని అడిగితే కౌంటర్ అక్క "అది డిజైనండీ" అంటుంది. షాపుకి పేరొచ్చింది ఆ టాపుతోనే. కౌంటర్ వెనక గోడకి గాజు పెట్టెలో ఒకటి వేలాడుతుంటుంది, తెలుపు పసుపెక్కిపోయింది. మేడం స్వయంగా తన చేతుల్తో కుట్టిన మొట్టమొదటి టాపని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తారు. మేడం సూదిలో దారం ఎక్కించగా చూసినవాళ్ళు మాత్రం షాపులో ఒక్కరూ లేరు. ఆవిడ చేసేదల్లా గుడ్డ అంచు రెండు వేళ్ళతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడ్డం. చూసి, బాగుందో లేదో చెప్పేస్తుంది. తప్పు పోదు కూడా. ఇంకో సంగతి, ఆ మోడల్ టాపు మేడం ఒంటి మీద ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం మేడం వచ్చి మెట్ల కింద గది గుమ్మంలో నిలబడింది.

"కౌంటర్ అక్క శుక్రవారం నుంచి రాదు. నువ్వు నిలబడతావా?"

"నిలబడతాను మేడం," అంది కోడలు, మాట పూర్తికాకముందే.

అంత తొందర ఎందుకంటే, నెలరోజులుగా సాయంత్రమయ్యేసరికి ఆమెకి సూది రెండుగా కనబడుతోంది. కళ్ళ డాక్టరు "ఆ గదిలో పనైనా మానెయ్, లేదా కళ్ళ మీద ఆశైనా మానుకో" అని మొహం మీదే చెప్పాడు. కౌంటరంటే అద్దాల ముందు, ఎండ వెలుతుర్లో పని.

"కౌంటర్లో మన మోడల్ టాపే వేసుకోవాలి. జీతంలో పట్టుకుంటాం."

"స్టాఫ్‌కి ఏమైనా తగ్గిస్తారా మేడం?"

"ఒకరికి తగ్గిస్తే అందరికీ తగ్గించాలి. శుక్రవారానికి టాపు లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటా. నీకీ గది ఎలాగూ ఉంది."

టాపు చీటీ మీదున్న ధర ఆమె రెండు నెలల జీతం. సైజు కోసమనో పొడుగు కోసమనో రోజుకి మూడు టాపులు విప్పి కుట్టే మనిషి ఒక్కటి ఒంటికి తగిలించుకోవాలంటే రెండు నెలలు గాలి తిని బతకాలన్నమాట. కోడలు తలూపింది. మేడం వెళ్ళిపోయాక తలుపు దగ్గరికి వేసి, ఇస్త్రీ బల్ల మీద దుప్పటి మడత పరిచి, దాని మీద పాత పేపరు, పేపరు మీద పొద్దున వచ్చిన టాపు పరిచింది.

కుట్టు విప్పకుండా కొలత ఎత్తడం కష్టమేం కాదు. కుట్టు వెంబడే గుండుసూదితో బియ్యపు గింజంత ఎడంలో పొడుచుకుంటూ పోతే కింద పేపరు మీద చిల్లుల గీత పడుతుంది. చిల్లుల్ని పెన్సిల్‌తో కలిపితే టాపు కాగితం మీదికి దిగిపోతుంది. సగం ఎత్తితే చాలు. గుడ్డ మడతపెట్టి కత్తిరిస్తారు కాబట్టి కుడి ఎడమ ఒకటే. ఆమె కుడి సగం ఎత్తింది, పేపరు మడిచి ఎడమవైపు ఆనించి చూసింది. ఆనలేదు.

ఎడమ భుజం అరంగుళం కిందకుంది.

మళ్ళీ చూసింది. మెడ సరిపోయింది, చంక సరిపోయింది, భుజం మాత్రం కిందకి జారి ఉంది. మడత మీద కత్తిరిస్తే ఇలా రాదు. గుడ్డ పూర్తిగా విప్పి, కావాలని ఎవరో ఎడమ భుజం దించి కత్తిరించారు. అన్నేళ్ళుగా దూది మడతలు పెడుతూ తను ఆ సంగతి పట్టుకోలేకపోయినందుకు కోడలికి తనమీదే చిరాకేసింది. ఎడమ సగం కూడా విడిగా పొడిచి, పేపర్లు మడిచి అన్నం గిన్నె సంచి అడుగున పెట్టుకుంది.

*

ఇంట్లో పేపరు ముక్కలు జిగురుతో అతికించి, ఆరడానికి తలుపు మేకుకి తగిలించింది. ఫ్యాను గాలికి కాగితం మనిషి మెల్లగా అటూ ఇటూ ఊగింది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు దాన్నే చూస్తోంది. అత్తగారికి రెండేళ్ళుగా మతి నిలవడం లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. చేతులు వణుకుతాయి, మంచినీళ్ళ గ్లాసు సగమే నింపి ఇవ్వాలి. ఒకప్పుడు ఆ చేతులే మిషను మీద ఇల్లు నడిపాయంటే చూసినవాళ్ళు తప్ప ఎవరూ నమ్మరు.

"ఎవరే ఆవిడ?" అంది అత్తగారు.

"ఎవరూ కాదు అత్తయ్యా. కాగితం."

"ఎంతసేపు నిలబెడతావు? కూర్చోమను."

కోడలి మొగుడు భోజనం దగ్గర్నుంచే నవ్వాడు. "కూర్చోబెట్టవే, లేకపోతే అమ్మ నాకు పెట్టిన అన్నం ఆవిడకి పెట్టేలా ఉంది." బీరువాలోంచి ఆమె తీసిన గుడ్డ చూసి మళ్ళీ నవ్వాడు. బూడిద రంగు దుప్పటి, మందపాటి నూలు, ఎవరో పెట్టింది, మడత కూడా విప్పలేదు. "షాపుకి దుప్పటి కప్పుకుని వెళ్తావా?"

"కుట్టాక చూడు, నువ్వే మేడం అంటావు," అంది కోడలు. ఆ రోజు ఆమె హుషారుగానే ఉంది. స్కేలు పెట్టి కాగితం ఎడమ భుజం తిన్నగా గీసి, కుడి భుజంతో సమం చేసి, పాత గీత రబ్బరుతో చెరిపేసి, కొత్త గీత దగ్గర అంచు వెనక్కి మడిచింది. జేబు అక్కర్లేదనుకుంది. దేనికీ పనికిరాని దానికి గంట పని ఎందుకు?

మంగళవారం సాయంత్రం వచ్చేసరికి ఆ మడత విప్పి ఉంది.

మేకుకి కాగితం అలాగే వేలాడుతోంది. ఎడమ భుజం మీద ఆమె గీసిన పెన్సిల్ గీతని అడ్డంగా కొట్టేసి, అరంగుళం కింద సుద్దతో ఇంకో గీత. ఒక్క గీతే, స్కేలు లేకుండా చేత్తో లాగింది, ఎక్కడా వంకర లేదు. అత్తగారు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. తాగిన నీళ్ళు సగం చీర మీద ఒలికి ఉన్నాయి.

మధ్యాహ్నాలు తొంగిచూసి వెళ్ళే పక్కింటి పిన్నిని అడిగింది.

"నేనెందుకు ముట్టుకుంటానే? అసలు లోపలికే రాలేదు," అంది పిన్ని. "తలుపు దాకా వచ్చాను. మీ అత్తగారు ఎవరితోనో మాట్లాడుతుంటే చుట్టాలొచ్చారనుకుని వెళ్ళిపోయాను."

"ఎవరొచ్చారు?"

"నన్నడుగుతావేం? ఒకళ్ళు అడుగుతున్నారు, ఒకళ్ళు చెప్తున్నారు. భుజమెంత అంటే పద్నాలుగని. మెడెంత అంటే ఏదో చెప్పింది. ఎవరన్నా జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చారేమో అనుకున్నా."

 ఆ ఇంటికి కొలతలివ్వడానికి మనుషులొచ్చి ఎన్నో ఏళ్ళయింది. కోడలు కావాలని గట్టిగా గొంతు సవరించుకుని లోపలికెళ్ళి, సుద్ద గీతని తడిగుడ్డతో తుడిచేసింది. ఇంకా వెలుతురుండగానే దుప్పటి పరిచి, మడతపెట్టి, తిన్నటి భుజంతోనే కత్తిరించింది. కత్తెర కరకరలాడుతుంటే అత్తగారు కళ్ళు తెరిచింది.

"అరంగుళం వదిలేశావు," అంది.

"సరిగ్గానే కత్తిరించాను అత్తయ్యా."

"నీ సరి నీది," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కోడలు భుజాలకీ పక్కలకీ కచ్చా కుట్లు వేసి, మర్నాడు మిషను ఎక్కించొచ్చని కుర్చీ వీపుకి తగిలించింది.

*

బుధవారం ఆమె షాపులో నాలుగు టాపులు సరిచేసింది. నాలుగోదానికి సూదిలో దారం ఎక్కించడానికి ఏడుసార్లు పట్టింది. ఇంటికొచ్చేటప్పుడు ఆమె మనసులో ఉన్నది శుక్రవారం ఒక్కటే. ఎండ, అద్దాలు, కౌంటర్.

తలుపు తీయగానే ముందు కుర్చీ వీపే చూసింది.

ఎడమ భుజం విప్పేసి ఉంది. చింపినట్టు కాదు. కచ్చా దారం తెగకుండా ఊడదీసి, చిన్న కాగితం ముక్కకి చుట్టి కుర్చీ చేతి మీద పెట్టి ఉంది. దారం విలువ తెలిసినవాళ్ళు చేసే పని అది. భుజం అరంగుళం దించి మళ్ళీ కుట్టి ఉంది. వంగి చూసింది కోడలు. బియ్యపు గింజంత కుట్లు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. తన కుట్లు వాటి పక్కన సిగ్గుపడేలా ఉన్నాయి.

ఆ ఇంట్లో అలా కుట్టగలవాళ్ళు ఎవరు? మొగుడికి గుండీ కుట్టుకోవడం రాదు. పక్కింటి పిన్నికి చత్వారం. ఇక అత్తగారు గ్లాసే పట్టుకోలేదు.

"అత్తయ్యా, ఎవరన్నా వచ్చారా?"

"ఎవరొస్తారు?"

"మరి ఇది ఎవరు కుట్టారు?"

అత్తగారు ఆమెకేసి చూసింది, పిచ్చి ప్రశ్న అడిగినట్టు. 

కోడలు భయపడింది. భయపడిందన్న సంగతి తనకి తను ఒప్పుకోకూడదని, ఆ టాపు తీసి తలమీంచి తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేలమీద పడుతోంది. దుప్పటి గుడ్డ చక్కగా జారింది, మెడ దగ్గర ముడత లేదు. బాగుంది, ఎంత బాగుందంటే ఎవరూ దుప్పటనుకోరు. అప్పుడు ఎడమ భుజం మీద తెలిసింది. బరువు కాదు. వెచ్చగా, వేళ్ళు విప్పి ఆనించినట్టు. ఎవరో ఆమెని కదలకుండా నిలబెట్టి కొలత చూస్తున్నట్టు.

కస్టమర్లు చెప్పింది అక్షరాలా అదే. ఇన్నాళ్ళూ ఆమె వాళ్ళకి దూది పెట్టి పంపించింది.

"నన్నెక్కణ్ణుంచి తెచ్చావే?" అంది వెనకనుంచి అత్తగారు.

అద్దంలో అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. టాపునే చూస్తోంది.  కోడలికి పరుగెట్టి బయటికి పోదామనిపించింది, కానీ పడిపోతుందేమోనని వెళ్ళి నడుం చుట్టూ పట్టుకుంది. పట్టుకున్నాక, ఆమె చెయ్యి అత్తగారి ఎడమ భుజం మీద పడింది.

రోజూ తను నీళ్ళు పోసి స్నానం చేయించే భుజం. రోజూ సబ్బు రుద్దే భుజం. ఏళ్ళ తరబడి మిషను మీద గుడ్డని ఎడమ చేత్తో తోసీ తోసీ ఒరిగిపోయిన భుజం. కుడిదానికంటే కిందకుంది. ఎంత కిందకుందో టేపు పెట్టి చూడక్కర్లేకపోయింది.

కోడలు టాపు విప్పి, చీర మీదే అత్తగారికి తొడిగింది. ఎడమ భుజం వెళ్ళి తన చోట్లో తను కూర్చుంది. ఒక్క ముడత లేదు. నిలువునా వంగిపోయిన మనిషి ఆ టాపులో తిన్నగా కనబడింది.

అత్తగారి కుడి చెయ్యి ఎడమ పక్క కుట్టు మీద కిందకీ పైకీ తడుముకుంది. మొహం చిన్నబోయింది.

"జేబేదే?"

"ఏ జేబు అత్తయ్యా?"

"కత్తిరించేటప్పుడు సుద్ద ఎక్కడ పెట్టుకోను? నోట్లో పెట్టుకోనా?"

కోడలు నేలమీద కూర్చుండిపోయింది. రెండు వేళ్ళ జేబు. ఫోను పట్టదు, తాళాలు పట్టవు. సుద్దముక్క పడుతుంది.

"నీ టాపు ఎవరు తీసుకున్నారు అత్తయ్యా?"

"ఆ పిల్ల. బావుంది, చూసి ఇచ్చేస్తానంది," అంది అత్తగారు, నిన్న జరిగినట్టు. "గుడ్డని వాసన చూస్తుందే, ఆ పిల్ల. ఇవ్వనే లేదు. నా సుద్ద కూడా అందులోనే ఉండిపోయింది."

ఆ మాట అనేసి, అలసిపోయి, కుర్చీలో కూలబడింది. కాసేపటికి "ఆకలేస్తోంది, పొద్దుట్నుంచి ఏం పెట్టలేదు" అని తగువు మొదలెట్టింది. కోడలికి ఏడుపొచ్చింది. కోపంతోనో, జాలితోనో విడదీసి చెప్పడం కష్టం. రెండూ ఉన్నాయి.

*

గురువారం పొద్దున్నే లేచి మిషను మీద భుజాలూ పక్కలూ కుట్టింది. ఎడమ భుజం కొలత మార్చలేదు, ఆ చిన్న కుట్ల మీదుగానే మిషను నడిపింది. సాయంత్రం జేబు మొదలుపెట్టింది. రెండుసార్లు ఎత్తు తప్పింది. మూడోసారి అత్తగారు విసుక్కుని జేబు ముక్క లాక్కుంది.

"ఇలా ఇవ్వు. చెయ్యి దానంతట అది వెళ్ళేచోట ఉండాలి."

సుద్ద పట్టుకోగానే ఆ చెయ్యి వణకడం మానేసింది. గుర్తు పెట్టి, సుద్ద కింద పెట్టగానే మళ్ళీ వణికింది. చూస్తుంటే భయం వెయ్యలేదు ఇప్పుడు. 

కోడలు చెప్పిందంతా మొగుడు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఈసారి నవ్వలేదు. "రేపు ఆ టాపేసుకుని వెళ్తే ఉద్యోగం పోతుందేమోనే," అన్నాడు. "కౌంటరే కాదు, లోపలి గది కూడా."

"తెలుసు."

"వేరే ఏదన్నా వేసుకెళ్ళు."

"వేరేది వేసుకుంటే ఆ గదే గతి. అందులో కూర్చుని, ఇంకెన్నాళ్ళు మీ అమ్మ భుజానికి దూది పెట్టమంటావు?" అంది కోడలు. 

*

శుక్రవారం మేడం ఆమెని చూసి ముందు మెచ్చుకోలుగా తలూపింది. రెండడుగులు దగ్గరికొచ్చాక ఆగింది. టాపు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని వంగి వాసన చూసింది.

"గుడ్డ మనది కాదు."

"దుప్పటి మేడం. నేనే కుట్టుకున్నాను."

మేడం మెడ వెనక తిప్పి చూసింది. షాపు పేరున్న పట్టీ లేదు. "అంటే నా మోడలు కాపీ కొట్టావు. జీతమిస్తూ, నా గదిలోనే కూర్చోబెట్టుకుంటే. దీన్నేమంటారో తెలుసా?"

"దొంగతనం అంటారు మేడం."

తను అనబోయిన మాట ఎదుటిమనిషి అనేసేసరికి మేడం తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.  కోడలు ఎడమ పక్కనున్న జేబులోంచి అరిగిపోయిన తెల్ల సుద్దముక్క తీసి కౌంటర్ గాజు మీద పెట్టింది.

"ఈ జేబు ఇందుకట మేడం. కత్తిరించేటప్పుడు వెతుక్కోకుండా."

"ఎవరు చెప్పారు?"

"మా అత్తయ్య. ఆవిడ ఎడమ భుజం అరంగుళం కిందకుంటుంది."

 వీధిలో వెళ్తున్న బండ్ల నీడలు అద్దాల మీంచి మేడం మొహం మీద కదిలాయి.

"ఆ గాజు పెట్టెలో టాపుకి కూడా జేబుంది కదా," అంది కోడలు. "అందులో ఓ సుద్దముక్క ఉండిపోయిందట. ఓసారి తీసి చూస్తారా మేడం?"

మేడం వెనక్కి తిరగలేదు. ఆ గోడవైపే చూడలేదు.

"చూడక్కర్లేదు," అంది.  "నీలం సుద్ద."

రంగు సంగతి కోడలు చెప్పలేదు. ఆమెకే తెలీదు.

"బాగున్నారా ఆవిడ?" అంది మేడం.

"మనుషుల్ని మర్చిపోయింది మేడం. చేతులు మాత్రం ఏదీ మర్చిపోలేదు."

మేడం సొరుగు లాగి, షాపు పేరున్న పట్టీ ఒకటి తీసి, సుద్దముక్క పక్కన పెట్టి కోడలివైపు జరిపింది. "ఇది మెడకి కుట్టుకో. కౌంటర్లో నిలబడు. దుప్పటని ఎవరికీ చెప్పకు." అది బతిమాలడమో బెదిరించడమో ఆవిడకే తెలిసినట్టు లేదు.

కోడలు జవాబిచ్చేలోపు తలుపు తెరుచుకుంది. సోమవారం వచ్చిన కస్టమరే. ఆ టాపే వేసుకుని ఉంది, లోపల దూది మడతతో సహా.

"ఏం లాభం లేదండీ," అంది, ఎడమ భుజం దులుపుకుంటూ. "ఆ చెయ్యి ఇంకా ఉంది."

మేడం నోరు తెరవబోయింది. కోడలు ముందు మాట్లాడింది.

"అది మా అత్తయ్యండీ."

కస్టమర్ ఓ అడుగు వెనక్కి వేసింది. "పోయారా ఆవిడ?"

"అయ్యో, లేదు. ఇంట్లోనే ఉంది, పొద్దున నాతో పోట్లాడింది కూడా. ఈ టాపు మొదట ఆవిడ తనకోసం కత్తిరించుకుంది. ఎన్ని సైజుల్లో కుట్టినా ఆ భుజం అలాగే దిగుతూ వచ్చింది." కోడలు ఆమె భుజం వైపు చూసింది. "చెప్పండి, తీసెయ్యమంటారా?"

కస్టమర్ మేడంకేసి చూసింది, కాదంటుందేమోనని. మేడం గాజు మీదున్న పట్టీని చూస్తూ నిలబడింది. ఆమె చెయ్యి నెమ్మదిగా తన ఎడమ భుజం మీదికి వెళ్ళింది, అక్కడేమీ లేకపోయినా.

కస్టమర్ తన భుజం దులుపుకోవడం ఆపింది. ఈసారి చెయ్యి అక్కడే ఆనించి ఉంచింది, ఇంకొకరి చేతి మీద పెట్టినంత మెల్లగా.

"వద్దులెండి," అంది. "ఉండనివ్వండి."

కోడలు పట్టీని సొరుగులోకి తోసేసి, సుద్దముక్క తీసి జేబులో వేసుకుంది.